ముందు మనిషి, తర్వాత టైరు



మంచి ముహూర్తాలున్న రోజుల్లో మా ఐనవిల్లి విఘ్నేశ్వరస్వామి గుడి దగ్గర కొత్త బళ్లు బారులు తీరతాయి. పసుపు కుంకుమ, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. హారతి అయ్యాక కారు మెల్లగా కదిలి నిమ్మకాయలు తొక్కుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి అమలాపురం వైపో, ముక్తేశ్వరం వైపో బయల్దేరతారు. ఆ కారు ఏ పాతికేళ్ల కుర్రాడిదో అయితే, ఏడాది తిరక్కుండానే షెడ్డుకి చేరుతుంది. కంపెనీ చక్రాలు తీసేసి పెద్ద అల్లాయ్‌లు వేయిస్తాడు. సైలెన్సరు మార్పించి మోత పెంచుతాడు. స్ప్రింగులు కోయించి బండిని కిందికి దింపిస్తాడు. డబ్బు మిగిలితే ఇంజను కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు మార్పించి మరో పది హార్స్‌పవర్ పెంచుకుంటాడు.

ఈ కుర్రాళ్లంటే నాకు ఇష్టం. యంత్రం మీద ప్రేమ, దాని గుట్టు తెలుసుకోవాలన్న తపన మామూలు సంగతి కాదు. వాళ్లతో మాట్లాడదామనే ఈవేళ మీ ముందుకొచ్చాను. వాళ్ల అమ్మానాన్నలు కూడా దగ్గర కూర్చుని వింటే మరీ సంతోషం. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. కారు వేగంగానూ అదుపులోనూ పోవాలంటే ముందు బాగుపడాల్సింది స్టీరింగు పట్టుకున్న మనిషి. ఆ తర్వాత టైరు, బ్రేకు. ఇంజను సంగతి అన్నిటికన్నా చివర. ఆ మనిషి బాగుపడే చోటు రేసు ట్రాకు, మన కాలవగట్టు మాత్రం కాదు.

కోనసీమలో రోడ్డంటే చాలాచోట్ల కాలవగట్టే కదా. ధవళేశ్వరం నుంచి వచ్చే మధ్య డెల్టా కాలవ లొల్ల లాకుల దగ్గర పాయలై ఊరూరికీ పోతుంటే, ఆ గట్ల మీదే మన రాకపోకలు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేను. వంపు తిరిగాక అవతల ఏముందో కొబ్బరిచెట్లు కనబడనివ్వవు. కాయలేసుకొచ్చే ట్రాక్టరు ఉండొచ్చు, బడి వదిలిన పిల్లల సైకిళ్లు ఉండొచ్చు, సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉండొచ్చు. కారు కాలవలోకి పోయిందన్న కబురు మనం వింటూనే ఉంటాం. రోడ్డు మీద పందేలు వేసుకోవడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితేనే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

చట్టం మాట అటుంచండి. విద్య నేర్చుకోవాలన్నా ఆ గట్టు పనికిరాదు. ఒక మలుపులో టైరు పట్టు ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే, ఎప్పుడో ఒకసారి ఆ హద్దు దాటి చూడాల్సిందే. ట్రాకు మీద హద్దు దాటితే కారు గిర్రున తిరిగి గడ్డిలోనో ఇసుకలోనో ఆగుతుంది. ట్రాకు పక్కన కాపలా ఉండే మార్షల్ పసుపు జెండా ఊపి వెనకవాళ్లని హెచ్చరిస్తాడు. మనం దులుపుకుని వచ్చి, రెండు నిమిషాల్లో మళ్లీ అదే మలుపు తిరుగుతాం. ఎదురు బండి రాదు. ఒకే మలుపు, ఒకే తారు, పదే పదే. అలా తిరిగినప్పుడే గుణింతం వంటబడుతుంది.

మనం పోగలిగిన ట్రాకుల్లో ఒకటి చెన్నై అవతల శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ఐనవిల్లి నుంచి సుమారు ఆరువందల కిలోమీటర్లు. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది. అంతకుముందు వాళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం విమానాల రన్‌వే మీద పందేలు పెట్టేవారు. 1990లో సొంత ట్రాకు కట్టుకున్నారు. చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు, మలుపులు 12.

దక్షిణాది రేసింగులో మన తెలుగువాళ్ల పాత్ర ఎంతుందో చాలామందికి తెలీదు. కోయంబత్తూరులో తరాల కిందట స్థిరపడిన తెలుగు నాయుళ్లలో జి. కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్ కుటుంబం ఒకటి. ఆ ఇంటివాడే ఎస్. కరివర్ధన్. ఆయన స్వయంగా రేసరు, స్వయంగా కారు కట్టే మనిషి. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. మనం పాలకేంద్రానికి, పెళ్లిపందిరికి వాడుకున్న ఆ 796 సీసీ చిన్న ఇంజనే! 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే.

ఆ ఫార్ములా మారుతి ఎలాంటివాళ్లని తయారుచేసిందో చూడండి. కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 1992లో ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో చదువుకున్నాడు. నిజంగానే అది బడి. అక్కడ బ్రేకు ఎలా వెయ్యాలో, మలుపు ఎలా తిరగాలో పాఠం చెబుతారు. ఆ పాఠాలు నేర్చుకొచ్చి 1993లో శ్రీపెరంబుదూరులో ఆ చిన్న ఇంజను కారుతో పందేలాడాడు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయ్యాడు. మనిషికి ముందు బడి, చిన్న ఇంజను, ఆ తర్వాతే పెద్ద ఇంజను. వరస అదే.

హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017లలో వరసగా రెండేళ్లు యూరో జేకే ఛాంపియన్ అయ్యాడు. ఆ సిరీస్‌లో అందరికీ ఒకే రకం కార్లు. నా ఇంజను పెద్దది, నీది చిన్నది అనడానికి లేదు. తేడా ఏదైనా ఉంటే అది హెల్మెట్ లోపలే ఉంటుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాకు, 18 మలుపులు. కరెంటు కార్లు. చట్రం అందరిదీ ఒకటే, టైర్లు అందరివీ ఒకటే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ రెండో స్థానం. ఆఖరి ల్యాపుల్లో, అంటే ట్రాకు చుట్టూ వేసే ఆఖరి చుట్లలో, వెర్న్ బ్యాటరీలో మిగిలింది తక్కువ, వెనక తరుముతున్న కాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దాటనివ్వలేదు. ఎక్కడ బ్రేకు వేస్తే కాసిడీకి సందు దొరకదో, ఎక్కడ యాక్సిలరేటరు ముందే వదిలేస్తే కరెంటు మిగుల్తుందో లెక్క తెలిసిన కాలూ చెయ్యీ ఆ పందెం గెలిచాయి. మన నేల మీద మనం చూసిన పెద్ద పందెంలో నాకు కనబడిన సంగతి అది.

ఇంక అసలు విషయానికి వద్దాం. కారుకీ నేలకీ మధ్య ఉన్న సంబంధం నాలుగు అరచేతులంత రబ్బరు. అంతే. ఒక్కో టైరు అరచెయ్యంత మేర నేలని తాకుతుంది. బ్రేకు వేసినా, తిప్పినా, వేగం పెంచినా పని చేసేది ఆ రబ్బరే. దాని దగ్గరున్న పట్టుకి ఒక మొత్తం ఉంది. ఆ మొత్తం బ్రేకుకే వాడేస్తే తిప్పడానికి మిగలదు. మొత్తం తిప్పడానికే వాడేస్తే బ్రేకుకి మిగలదు. మలుపు మధ్యలో భయపడి గట్టిగా బ్రేకు తొక్కిన కారు స్టీరింగు మాట వినకుండా తిన్నగా పోవడానికి కారణం ఇదే.

రెండో సంగతి బరువు. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి రేవుకి పంటు మీద కారెక్కించినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. బండి ఎక్కగానే పంటు ఆ పక్కకి ఒరుగుతుంది. సరంగు కేకేసి జనాన్ని, మోటారు సైకిళ్లని అటూ ఇటూ సర్దిస్తాడు. కారు నాలుగు చక్రాల మీద కూడా బరువు క్షణక్షణం అలాగే అటూ ఇటూ జరుగుతుంటుంది, సర్దేది మీ పాదమే. లెక్క చెప్తాను. వెయ్యి కిలోల కారు, ముందు ఇంజను కాబట్టి ముందు చక్రాల మీద 620, వెనక చక్రాల మీద 380 కిలోలు అనుకోండి. బరువు కేంద్రం నేలకి అర మీటరు ఎత్తున ఉంది, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2.4 మీటర్లు. బ్రేకు గట్టిగా, టైరు పట్టు ఆఖరంటా తొక్కితే ఇంచుమించు 200 కిలోలు వెనక నుంచి ముందుకి పోతాయి. ముందు 820, వెనక 180. అంటే వెనక చక్రాలు నేలని అంటీ అంటనట్టు ఉంటాయి. అప్పుడు చటుక్కున స్టీరింగు తిప్పితే వెనక భాగం పక్కకి జారి, కారు బొంగరమవుతుంది. అదే పాదం మెల్లగా ఎత్తుతూ, ఎత్తినంత మేరకే స్టీరింగు తిప్పుకుంటూ పోతే, ముందు టైరు మీదున్న ఆ అదనపు బరువే మలుపులోకి కారుని చక్కగా లాక్కెళ్తుంది. కారు అదే, టైరు అదే. పాదం ఎత్తిన తీరులో తేడా.

మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జాకీ స్టీవర్ట్ కారు నడుపుతుంటే అసలు కష్టపడుతున్నట్టే ఉండేది కాదని ఆ కాలంవాళ్లు చెప్పుకునేవారు. కుదుపు లేకుండా బరువు అటు నుంచి ఇటు జరపడమే ఆయన రహస్యం.

ట్రాకు మీదికి మొదటిసారి వచ్చిన కుర్రాడి పక్క సీట్లో కూర్చుని చూస్తే నాకు ఎప్పుడూ కనబడేవి రెండు. ఒకటి, సీటు మరీ వెనక్కి. చేతులు చాచి, నడుం జారి, ఒక చెయ్యి గేరు రాడ్డు మీద. కూర్చోవడం ఇలా ఉండాలి: వీపు సీటుకి ఆని ఉండగానే మణికట్టు స్టీరింగు పైఅంచుని తాకాలి, బ్రేకు ఆఖరంటా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉన్న చోట. ఎడమ పాదం క్లచ్చి పక్కనున్న మెట్టు మీద గట్టిగా ఆనించాలి. అప్పుడు ఒళ్లు పాదం మీద నిలుస్తుంది, స్టీరింగుని పట్టుకుని వేలాడదు. వేలాడే చేతికి టైరు ఏం చెబుతోందో తెలీదు.

రెండోది, చూపు. బానెట్ ముందు ఇరవై అడుగుల దూరంలో కళ్లు అతుక్కుపోయి ఉంటాయి. అక్కడికి చూసేసరికే ఆలస్యం అయిపోయింది. చెయ్యి మన కళ్ల వెంట పోతుంది. బ్రేకు వేసే చోటుకి రాకముందే కళ్లు మలుపు లోపలి అంచు మీద ఉండాలి. ఆ అంచుకి చేరకముందే బయటికి పోయే దారి మీద ఉండాలి. కారు జారుతున్నప్పుడు గోడని చూశామా, గోడకే పోతాం. పక్కన కూర్చుని నేను చెప్పేదీ చాలాసార్లు ఒక్కటే మాట: "తమ్ముడూ, తల తిప్పు. ముందు తల తిప్పు, తర్వాత చెయ్యి." ఈ సాధనకి మాత్రం ట్రాకు అక్కర్లేదు. అమలాపురం పోతూ నలభై స్పీడులో కూడా చేసుకోవచ్చు.

తర్వాత బ్రేకు. కుర్రాళ్లు ముందుగా కొంచెం తొక్కుతారు, తర్వాత భయం పెరిగి మలుపు మొదట్లో గట్టిగా తొక్కుతారు. తిరగేసి చెయ్యాలి. తిన్నగా ఉన్నప్పుడే మొదట గట్టిగా, తర్వాత సడలించుకుంటూ. ట్రాకు పక్కనున్న దూరం బోర్డుల్లో ఒకదాన్ని గుర్తు పెట్టుకుని ప్రతి ల్యాపులో అక్కడే మొదలుపెట్టాలి. వేగం తెచ్చే తేడా ఎంతో చూడండి. మంచి టైర్లతో పొడి తారు మీద 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి బ్రేకు పట్టిన దగ్గర్నుంచి సుమారు 44 మీటర్లు కావాలి. అదే 140 అయితే 86. వేగం నలభై శాతం పెరిగింది, దూరం ఇంచుమించు రెట్టింపయ్యింది. కాలవగట్టు మీద 140లో పోయే తమ్ముడు ఈ ఒక్క లెక్క రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి.

ఇంక దారి. ట్రాకు వెడల్పంతా మనదే. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి పోతే మలుపు పెద్ద వృత్తం అవుతుంది. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో టైరు పట్టు 75 కిలోమీటర్ల దగ్గర ఆఖరైపోతే, అదే తారు మీద 70 మీటర్ల వ్యాసార్థంలో తిరగ్గలిగినవాడు 89 దాకా పోతాడు. పధ్నాలుగు కిలోమీటర్ల వేగం, పైసా ఖర్చు లేకుండా! దాన్ని ఇంజనులో కొనాలంటే ఎన్ని వేలు పొయ్యాలో షెడ్డు మేస్త్రీని అడగండి. ఆ మలుపు తర్వాత పొడుగాటి తిన్నటి దారుంటే, లోపలి అంచుని కాస్త ఆలస్యంగా తాకి, ముందుగా యాక్సిలరేటరు వెయ్యడం ఇంకా లాభం. మలుపులో పోగొట్టుకున్న అర క్షణం తిన్నటి దారి పొడుగునా వడ్డీతో తిరిగొస్తుంది.

మనిషి ఇంతవరకు వచ్చాక కారు మీద చెయ్యి వేద్దాం. మొదట బ్రేకు ఆయిల్. దీని సంగతి కోనసీమవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక 155 దగ్గరే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ట్రాకు మీద నాలుగు ల్యాపులు గట్టిగా తొక్కితే డిస్కుల వేడి దీన్ని దాటి పోతుంది. ఆయిల్ మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది, కారు ఆగదు. గోదావరి పాయల మధ్య, సముద్రపు గాలిలో ఉండే మన బళ్లలో ఆయిల్ ఎంత తేమ తాగి ఉంటుందో ఊహించుకోండి. ట్రాకుకి పోయే ముందు పాత ఆయిల్ అంతా తీసి కొత్తది పోయించి, గాలి లేకుండా బ్లీడ్ చేయించాలి. దానితోపాటు వేడిని తట్టుకునే బ్రేకు ప్యాడ్లు. అల్లాయ్ చక్రాల ఖరీదులో ఇది చిన్న వంతు.

తర్వాత టైర్లలో గాలి. పిట్‌లో నేను బాగా ఇష్టపడే పని ఇదే. బయల్దేరే ముందు టైరు నేలని తాకే భాగం అంచు నుంచి పక్క గోడ మీదకి సుద్దముక్కతో ఒక గీత గీయాలి. నాలుగు టైర్లకీ, ఒక్కోదానికి మూడేసి చోట్ల. ఐదారు ల్యాపులు తిరిగి రాగానే, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా, గేరులో పెట్టి దిగి, ముందు గీతలు చూడాలి. సుద్ద ఎక్కడి దాకా చెరిగిందో అక్కడి దాకా టైరు ఒరిగి నేలని రాసిందన్నమాట. చాలా కంపెనీ టైర్ల అంచున చిన్న త్రికోణం గుర్తుంటుంది. చెరిగింది ఆ గుర్తు దగ్గర ఆగితే గాలి సరిపోయింది. గుర్తు దాటి పక్క గోడ మీదకి పోతే గాలి తక్కువ, లేదా చక్రం వాలు సరిగా లేదు. గుర్తుదాకా రానేలేదంటే గాలి ఎక్కువ. ఆ వెంటనే గేజి పెట్టి వేడి మీదున్న గాలి కొలవాలి. పొద్దున చల్లగా 32 పీఎస్‌ఐ పెట్టినది వేడెక్కి 37, 38కి పోవడం మామూలే. ఎండ ముదిరే కొద్దీ ఇంకా పెరుగుతుంది. పొద్దున బాగా తిరిగిన కారు మధ్యాహ్నం ముందు టైర్లు జారుతూ విసిగిస్తుంటే, ముందు అనుమానించాల్సింది గాలిని.

అలైన్‌మెంటు మూడోది. మలుపులో కారు బయటికి ఒరిగినప్పుడు బయటి టైరు నిటారుగా నేలని తాకాలంటే, మామూలప్పుడు చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలి ఉండాలి. అదే నెగటివ్ కాంబర్. ఇంటి కార్లలో ఇది సున్నాకి దగ్గర్లో ఉంటుంది, ట్రాకు కార్లలో రెండు మూడు డిగ్రీలు పెడతారు. ట్రాకు మీద ఒక రోజు తిరిగొచ్చిన మామూలు కారు ముందు టైర్లని చెయ్యి పెట్టి తడిమి చూడండి. బయటి అంచు గరుకుగా అరిగిపోయి, లోపలి అంచు కొత్తదానిలా ఉంటుంది.

స్ప్రింగులు కోయించొద్దు. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. కోసిన స్ప్రింగుకి కుదుపు మింగే దూరం ఉండదు. షాక్ అబ్జార్బరు అడుగంటి రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఆ క్షణంలో టైరు నేలని వదిలేస్తుంది. పైగా మన చిన్న కార్లలో ముందు సస్పెన్షన్ కింది చేతులు బండి దిగేకొద్దీ తిరగబడి పైకి వాలతాయి. దాంతో కారు తక్కువ ఒరగాల్సింది పోయి ఎక్కువ ఒరుగుతుంది. కంపెనీ స్ప్రింగులతో మంచి కండిషన్‌లో ఉన్న షాక్ అబ్జార్బర్లు, అరగని బుష్‌లు ఉంటే మొదటి ఏడాదికి అంతకన్నా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న బండికీ రోడ్డు మీదున్న బండికీ తేడా ఉండకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. పూర్తిగా మార్చుకున్న ట్రాకు కారుని ట్రైలరు మీద తీసుకుపోవాలి.

ఇంజను గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కొత్త ఆయిల్, శుభ్రమైన రేడియేటరు, బిగుతుగా ఉన్న బ్యాటరీ క్లాంపు. చాలు.

అమెరికాలో మార్క్ డోనహ్యూ అని మెకానికల్ ఇంజనీరింగు చదివిన డ్రైవరుండేవాడు. 1972లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెం గెలిచాడు. కారుని ఒక పెద్ద వృత్తం చుట్టూ మళ్లీ మళ్లీ తిప్పుతూ, ఒక్కో మార్పూ చేసి, టైము కొలిచి, రాసుకునేవాడు. ఆ అలవాటు మన కుర్రాళ్లకి రావాలి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, ఎండ, టైరు చల్లగా ఉన్నప్పటి గాలి, వేడెక్కాక గాలి, ల్యాపు టైము. ఒకసారికి ఒకే మార్పు చెయ్యండి. గాలి తగ్గించి, షాక్ గట్టి చేసి, దారి కూడా మార్చేస్తే, బాగుపడింది దేనివల్లో దేవుడికి కూడా తెలీదు. మార్పు చేశాక బాగుందనిపిస్తే, ఒకసారి పాత పద్ధతికి తిరిగిపోయి మళ్లీ కొలవండి. చాలాసార్లు తెలిసేదేమిటంటే, బాగుపడింది కారు కాదు, ఈలోగా డ్రైవరుకి మలుపు అలవాటయ్యింది. ల్యాపు టైములన్నీ ఒకదానికొకటి అర సెకను తేడాలో ఉండేదాకా కారు మీద చెయ్యి వెయ్యొద్దని నా సలహా. టైములు పైకీ కిందకీ ఊగుతున్నంత కాలం మార్పు చేసిన మేలేదో, చెయ్యి తిరగడం వల్ల వచ్చిందేదో తేల్చలేం.

అంత దూరం పోలేనివాళ్లు హైదరాబాదు శివార్లలోని గో-కార్టింగ్ ట్రాకులతో మొదలుపెట్టొచ్చు. కార్టుకి స్ప్రింగుల్లేవు. బరువు జరగడం, టైరు జారడం తిన్నగా నడుముకి తెలుస్తుంది. ఆడపిల్లలు కూడా పోవాలి. టైరుకి స్టీరింగు మీద ఏ చెయ్యి ఉందో తెలియదు. ఇంజనీరింగు కాలేజీ పిల్లలకైతే ఎస్ఏఈ ఇండియా వాళ్లు పెట్టే బాజా పోటీలున్నాయి. సొంతంగా చట్రం వెల్డింగు చేసి, సొంతంగా తోలే అవకాశం. అంతకు మించిన పాఠశాల నాకు తెలీదు.

అమ్మానాన్నలకో మాట. అబ్బాయి ట్రాకుకి పోతానంటే భయపడి ఆపకండి. పెద్ద చక్రాలకి ఇచ్చే డబ్బు ట్రాకు మీద తిరిగే రోజుకీ, మంచి హెల్మెట్‌కీ, పక్కన కూర్చుని చెప్పే గురువుకీ ఇవ్వండి. ఒక రోజు అక్కడ తిరిగొచ్చినవాడు కాలవగట్టు మీద నెమ్మదిగా పోతాడు. ఆగడానికి ఎంత దూరం కావాలో వాడికిప్పుడు ఒంటికి తెలుసు.

బయల్దేరే ముందు లైసెన్సు, బండి కాగితాలు, నిండు చేతుల చొక్కా, పల్చటి అడుగున్న బూట్లు, గాలి గేజి, టార్క్ రెంచి, సుద్దముక్క సర్దుకోండి. ట్రాకెక్కే ముందు కారులోంచి నీళ్ల సీసాలు, జాకీ, కాళ్ల కింది చాపలు తీసెయ్యండి. బ్రేకు వేసినప్పుడు దొర్లుకొచ్చిన సీసా పెడల్ కిందకి పోతే ఇంతసేపు చెప్పిన విద్యంతా వృథా. ప్రతి విడతలో ఆఖరి ల్యాపు బ్రేకు ముట్టకుండా మెల్లగా తిరిగి డిస్కులు చల్లారనివ్వండి. నీళ్లు బాగా తాగండి, ఇరుంగాట్టుకోట్టై ఎండ మన ఎండకేం తీసిపోదు. అలసిపోయారనిపిస్తే మిగిలిన విడత వదులుకోండి. సాయంత్రం అయ్యాక ఆ రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా చెన్నైలో పడుకుని, తెల్లారాక చక్రాల నట్లు టార్క్ రెంచితో మరోసారి చూసుకుని, టైర్లలో గాలి రోడ్డు లెక్కకి తెచ్చుకుని, బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయో చూసుకుని, అప్పుడు ఒంగోలు దగ్గర 216 జాతీయ రహదారి పట్టుకుని ఇంటికి రండి.